ఆపమంటే ఆపే మనిషి

గైడును మాట్లాడుకోవడానికి తాండూరు నుంచి వికారాబాద్ బయలుదేరిన యాదమ్మ తనతో ఒకే ఒక్క ప్రశ్న తెచ్చుకుంది. అది నలుగురిలో అడిగే ప్రశ్న కాదు. రైల్లో ఎదురుగా కూర్చున్నామె "ఏడికి పోతున్నవ్ వదినా?" అంటే "దవాఖానకు" అని చెప్పేసింది. ఉజ్బెకిస్తాన్‌లోని సమర్‌కంద్ చూపించే మనిషిని కుదుర్చుకోవడానికి పోతున్నానంటే ఆమె వికారాబాద్ దాకా వదలదు. సమర్‌కంద్ ఏడున్నది, గైడెందుకు, మీ ఆయన లేడా అని ఒక్కొక్కటే లాగుతూ చివరికి ఆ ప్రశ్న దాకా వస్తుంది.

స్టేషన్ రోడ్డులో మందుల దుకాణం మీది అంతస్తులో నూరీన్ ఆఫీసు. ఉమ్రాకు పోయేవాళ్ళకూ దుబాయ్ పోయేవాళ్ళకూ టికెట్లు, వీసాలు చూసిపెడుతుంది. తాండూరులో యాదమ్మ పక్కింటి అలీమాబీ కూతురు. యాదమ్మను ఖాలా, అంటే పిన్నీ, అని పిలుస్తూ చిన్నప్పుడు సగం పూటలు ఆమె ఇంట్లోనే తిన్న పిల్ల. యాదమ్మకు ఉర్దూ వచ్చిందంటే అలీమాబీ చలవే. గోడ మీది నుంచి కూరగిన్నెలు ఇటూ అటూ పోయినప్పుడల్లా వాటి వెంట నాలుగు మాటలు కూడా వచ్చేవి.

"రా ఖాలా, కూసో. నీళ్లు తాగుతవా?"

"వద్దు బిడ్డా. మళ్ల రైలెక్కాలె గద."

నూరీన్ గ్లాసు అక్కడే పెట్టింది. కంప్యూటర్ తెరను ఆమె వైపు తిప్పి అంది. "ముగ్గుర్ని చూసిపెట్టిన. ఒక్కొక్కరితోని వీడియోల మాట్లాడు, నచ్చినోళ్లను పక్కా చేద్దాం. గని ఖాలా, మీ బండల యూనిట్ల సేట్లంత కలిసే పోతున్నరు. బస్సున్నది, బస్సుకు గైడున్నడు. మళ్ల నీ ఒక్కదానికి వేరే గైడెందుకని అంకుల్ రెండుసార్లు ఫోన్ చేసిండు."

"నువ్వేమన్నవ్?"

"ఖాలానే అడుగున్రి అన్న."

"నన్నడగడు. అడిగితె నేను చెప్తనని ఆయనకు తెలుసు." యాదమ్మ కుర్చీని తలుపుకు వీపు వచ్చేట్టు జరుపుకుంది. కింద మందుల దుకాణంలో ఎవరో దగ్గుతున్నారు. ఆ దగ్గు ఆగేదాకా చూసి గొంతు తగ్గించింది. "పోయినేడు బ్యాంకాక్ పోయినం చూడు. పొద్దుగాల బస్సెక్కిచ్చిండు గైడు. గుడి అన్నడు, నది అన్నడు, బజార్ అన్నడు. నాకు జర ఆపమని చెప్పాలె. ఎట్ల చెప్తవ్? బస్సు నిండ మొగోళ్లు. మీ అంకుల్‌కు సైగ చేస్తె కండ్లతోనే బెదిరిచ్చిండు, గంతసేపు ఆగలేవా అని. తెల్లారి నీళ్లు తాగుడే బంద్ జేసిన. ఇగ మంట, జరం. హోటల్ల పండుకొని కిటికిల నుంచి ఎదుటి గోడ చూసిన. అందరు బ్యాంకాక్ చూసిన్రు. నేను గోడ చూసొచ్చిన."

నూరీన్ నవ్వబోయి ఆగింది. యాదమ్మ నవ్వడం లేదు.

"నాకు తెలివిగల్ల గైడు వద్దు బిడ్డా. ఆపమంటె ఆపేటి మనిషి గావాలె. గంతే."

మొదటివాడు తెర మీదికి వచ్చీ రాగానే గుమ్మటాల పేర్లు ఏకరువు పెట్టాడు. నూరీన్ ఇంగ్లీషులో నీళ్ళు నమిలి, ఖాలా ప్రశ్నను ఎలాగో అడిగింది. అతను మర్యాదగానే నవ్వి, మధ్యాహ్నం భోజనానికి మంచి హోటల్‌కు తీసుకుపోతాననీ అక్కడ అన్ని వసతులూ ఉంటాయనీ చెప్పాడు. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఏమిటన్నది అతనికి తట్టలేదు. రెండో ఆయన పెద్దమనిషి. ప్రశ్న వినగానే చెవులు ఎర్రబడి, తన భార్యతో మాట్లాడించమంటారా అన్నాడు. ఆ భార్య ఊళ్ళో లేదట.

మూడో ఆమె పేరు దిల్‌ఫూజా. నలభై దాటి ఉంటాయి. రుమాలు తల వెనక ముడివేసుకుని ఏదో వీధి మూల నిలబడి ఉంది. కాలేజీలో హిందీ చదువుకుందట. ఆమె హిందీ ఇస్త్రీ చేసిన చొక్కాలా ఉంది, ఎక్కడా ముడత లేదు. యాదమ్మ నూరీన్‌ను ఆగమని చెప్పి, తాండూరు బజారు ఉర్దూలో తానే అడిగేసింది. ఆడది, తిరిగే మనిషి, నడిమధ్యలో అవసరమైతే ఎక్కడ ఆపుతావు?

దిల్‌ఫూజా నవ్వలేదు, సిగ్గుపడలేదు. ఫోను తిప్పి చేతిలో ఉన్న ఊరి పటం చూపించింది. పటం నిండా ఎర్రచుక్కలు.

"కొత్త దారి వేసుకునేటప్పుడు నేను మొదట గుర్తు పెట్టుకునేవి ఇవే. గుమ్మటాలు ఎక్కడికీ పోవు, తర్వాత కలుపుకోవచ్చు. ఇక్కడ రెండున్నాయి, శుభ్రంగా ఉంటాయి. ఇక్కడ ఉంది కానీ మెట్లు ఎక్కువ. మీకు మోకాళ్ళ నొప్పులున్నాయా?"

కందిపప్పు బస్తా కొనేటప్పుడు యాదమ్మ ఒక్క పలుకు పంటికింద వేసి చూస్తుంది. పలుకు బాగుంటే ఇక బస్తా విప్పించదు. "ఈమెనే," అంది నూరీన్‌తో. సంతోషం దాచుకోవడం ఆమెకు చేతకాదు, ముఖమంతా విచ్చుకుంది.

"నాదీ ఒక షరతు ఉంది, యాదమ్మాజీ," అంది దిల్‌ఫూజా. "మిమ్మల్ని మా ఊరు తిప్పే ముందు, మీరు నన్ను మీ ఊరు తిప్పాలి. ఫోనులోనే. మీ కళ్ళు ఎక్కడెక్కడ ఆగుతాయో చూస్తే, మిమ్మల్ని ఎక్కడ ఆపాలో నాకు తెలుస్తుంది."

తిరుగు రైల్లో యాదమ్మకు దిగులు పట్టుకుంది. కుల్కచర్ల నుంచి పెళ్ళి చేసుకుని తాండూరు వచ్చిననాటి నుంచి తానెరిగిన తాండూరు ఎంత? ఇల్లు, బట్టల దుకాణం, పెళ్ళిళ్ళ హాలు, వాటి మధ్య కారు అద్దం. ఆ అద్దంలోంచి ఊరు ఎప్పుడూ వెనక్కి పోతూనే కనిపించింది. ఆ మాటకొస్తే బ్యాంకాక్‌కూ తాండూరుకూ పెద్ద తేడా లేదు.

భర్త పాండురంగం జొన్నరొట్టె తుంచుతూ సంగతంతా విన్నాడు. బండల పాలిష్ యూనిట్ ఆయనది, ఊళ్ళో పలుకుబడి ఉన్నవాడు. భార్య మీద ప్రేమ లేనివాడేం కాదు. కాకపోతే ఆ ప్రేమకు చెవులు కొంచెం తక్కువ.

"గైడు ఆమెనా, నువ్వా? ఊరు నువ్వు చూపిచ్చుడేంది?"

"ఆమె షరతు గది."

"సరె, చూపియ్యి. గంజ్ చూపియ్యి, కందులు చూపియ్యి. మన యూనిట్ దిక్కు మాత్రం పోకు. ఆడోళ్లు పోయే జాగ గాదది."

ఈ మాట ఆమె పెళ్ళయిన కొత్తలోనే విన్నది. అప్పటి నుంచీ ఇంటి ఆడవాళ్ళు యూనిట్‌లో అడుగు పెట్టరు, అదొక కట్టుబాటు. కానీ ఆ రాత్రి అంట్లు సర్దుతుంటే ఎందుకో ఆ మాటనే మళ్ళీ మళ్ళీ తిప్పి చూసుకుంది. యూనిట్‌లో పనిచేసేవాళ్ళలో సగం మంది ఆడవాళ్ళే కదా!

మర్నాడు పాండురంగం ఏదో ఫైలు పని మీద వికారాబాద్ కలెక్టరాఫీసుకు పోయాడు. యాదమ్మ ఫోను చేత్తో పట్టుకుని, గడప దాటి, కారు వద్దని కాలినడకన బయలుదేరింది. బజారులో జనం వింతగా చూశారు. ఫోనుకు ఊరు చూపిస్తూ నడిచే మనిషిని తాండూరు ఎప్పుడు చూసింది కనుక! పప్పుమిల్లు ముందు ఆరబోసిన కందులు చూపించింది. ఎండుమిర్చి కుప్పల దగ్గర తుమ్మింది. పూలమ్మే ఆమె కన్నడంలో బేరమాడుతుంటే "మాకు కర్ణాటక గీ పక్కనే" అని చెప్పింది. దిల్‌ఫూజా ప్రతిదానికీ ఆగమనేది. ఆమె అడిగిన కొద్దీ యాదమ్మకూ చూడాలనిపించింది. మిర్చి కుప్పకు నీడ పట్టిన గొడుగు మీద ఎవరిదో పెళ్ళి పేరు రాసి ఉండటం అంతకు ముందెప్పుడూ ఆమె కంటపడలేదు.

"యాదమ్మాజీ, ఫోను కిందికి తిప్పండి. మీ కాళ్ళ కింద ఏమిటది?"

"బండ. తాండూరు బండ."

"గోడ కూడా అదే. ఆ అరుగు అదే. మోరీ మీద మూత కూడా అదేనా? మీ ఊళ్ళో రాయి కానిది ఏముంది?" దిల్‌ఫూజా కంఠంలో ఉత్సాహం. "దీన్ని ఎక్కడ కోస్తారు?"

"మా యూనిట్లనే కోస్తరు."

"అయితే అక్కడికే పోదాం."

పోనివ్వరు అనడానికి యాదమ్మకు నోరు రాలేదు. అంత దూరపు మనిషి ముందు ఆ మాట చెప్పుకోవడం నామోషీ అనిపించింది. ఆటోను పిలిచింది.

యూనిట్ గేటు దాటగానే ముందు చెవులు పోయాయి. కటింగ్ మిషన్ల కేక అలాంటిది. తిరిగే చక్రం మీద నీళ్ళు ధారగా పడుతున్నాయి. రాయి తెగి, ఆ నీళ్ళతో కలిసి బూడిదరంగు బురదై కాలవలా పారుతోంది. మిషన్ల దగ్గర మగవాళ్ళు. బురదలో ఆడవాళ్ళు. కాళ్ళకు ప్లాస్టిక్ సంచులు చుట్టుకుని, ఒకరు గుడ్డతో బండ తుడుస్తుంటే, ఇద్దరు దాన్ని ఎత్తి తీసుకుపోయి నిలువుగా ఆనించి పేరుస్తున్నారు. అరికాలు జారకుండా వేళ్ళను నేలలోకి దిగ్గొట్టి నడవడం యాదమ్మ గమనించింది. ఫోనును ఆ కాళ్ళ వైపు తిప్పి పట్టుకుంది. 

వాళ్ళలో పెద్దామె చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. బక్కపలచని మనిషి, కనుబొమల మీద కూడా రాతిపొడి.

"సేటమ్మవు గాదు? పెండ్లిళ్లల్ల చూసిన. నేను బీరమ్మను. సేటు లేడమ్మా."

"తెలుసు. ఊకనే చూద్దామని వచ్చిన."

ఫోనులోంచి దిల్‌ఫూజా అలవాటు ప్రకారం అడిగింది. "చాలాసేపు నడిచారు యాదమ్మాజీ. ఇక్కడ ఆగడానికి చోటుందా? నేనైతే ఇక్కడొక చుక్క పెట్టుకుంటాను."

నిజమే, యాదమ్మకు కూడా అప్పుడే అవసరం తెలిసింది. "బీరమ్మా, ఈడ బాత్రూం ఏడున్నది?"

బీరమ్మ వెనక్కి తిరిగి మిగతావాళ్ళ వైపు చూసింది. వాళ్ళు ఒకరినొకరు చూసుకుని నవ్వారు.

"సేటు రూంల ఉన్నది. తాళం ఆయన కాడనే ఉంటది."

"మరి మీరు?"

"మొగోళ్లు గోడకు పోతరు. మేము పొద్దుగాల ఇంటికాడ పొయ్యొస్తం. ఇగ మాపటికే."

"గంతసేపా! ఎట్ల ఆగుతరే?"

"నీళ్లు తాగం గదమ్మా," అంది బీరమ్మ. అందులో ఫిర్యాదేమీ లేదు. అన్నం ఉడికింది అన్నట్టుగా చెప్పింది.

 నిన్న నూరీన్ ముందు గొంతు తగ్గించి, తలుపుకు వీపు పెట్టి యాదమ్మ చెప్పుకున్న మాటే అది. తాను ఒక్క ప్రయాణంలో పడ్డది వీళ్ళు రోజూ పడుతున్నారు, తన ఇంటి యూనిట్‌లో.

"నీకు అక్కెరున్నదా?" బీరమ్మ ఆమె ముఖం చూసే పోల్చుకుంది. "మరీ తప్పకపోతె పోయే జాగ ఒకటున్నది. నా ఎంబడి రా. జారుతది, నేనేసిన కాడ్నే కాలెయ్యి."

పేర్చిన బండల వరుసల వెనక్కి తీసుకుపోయింది. రెండు వరుసల నడుమ మనిషి పట్టేంత సందు. బీరమ్మ సందు మొదట్లో వీపు పెట్టి నిలబడి, కొంగు రెండు చేతులా బారచాపింది. యాదమ్మ ఇచ్చిన ఫోను కూడా బీరమ్మ చేతిలోనే ఉంది.

"ఏమైంది? ఏమీ కనబడటం లేదు," అంటోంది దిల్‌ఫూజా.

"జర సబర్ కరో," అంది బీరమ్మ ఫోనుతో గంభీరంగా. "అమ్మ కూసున్నది."

యాదమ్మ ఎదురుగా పాలిష్ పట్టిన బండ. నున్నగా, నీలంగా, అమ్మకానికి సిద్ధంగా ఉంది. అందులో తన ముఖం మసగ్గా కనిపించింది. బ్యాంకాక్‌లో పరాయి గోడ చూసింది. ఇది తమ గోడే. ఎవరో ఇటు వస్తున్నట్టున్నారు, బీరమ్మ గట్టిగా దగ్గింది. అడుగులు ఆగి మళ్ళిపోయాయి. ఆపమంటే ఆపే మనిషి కోసం తాను వికారాబాద్ దాకా పోయింది. సిగ్గుతో, కోపంతో యాదమ్మకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆ సాయంత్రం పాండురంగం చెప్పులు విప్పకముందే అడిగాడు. "యూనిట్‌కు పోయినవంట?"

"పోయిన. బండల ఎనుకకు గూడ పోయిన."

"అంటె?"

"అంటె గదే."

ఆయన చెప్పు కాలికే ఉండిపోయింది. "రూం తాళం ఫోన్ చేసి అడిగితె పంపిస్తుంటి గద!"

"నాకు పంపిస్తవ్. బీరమ్మకు పంపిస్తవా? ఆడోళ్లు పోయే జాగ గాదన్నవ్ గద. నిజమే. పోనీకె జాగనే లేదు. ఇంట్ల ఈగల మోత, బయట పల్లకీల మోత. మనం సమర్‌కంద్ పోతున్నం!"

"నా ఒక్క యూనిట్ల ఉన్నదా గిది? ఎవలు కట్టించిన్రు జెప్పు. పొయ్యొచ్చినంక చూద్దాం తియ్యి."

"సరె. నువ్వు చూసేదాక నేను రోజూ ఆడికే పోత."

పాండురంగానికి కోపం వచ్చింది. "గిట్ల ఇజ్జత్ తీస్తె సమర్‌కంద్ లేదు, గైడు లేదు. నూరీన్‌కు ఫోన్ జేసి క్యాన్సిల్ చెయ్యమంట."

ఆ దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది. యాదమ్మకు ఆ ఊరు చూడాలని ఉంది. ఆ ఎర్రచుక్కల వెంట ఒక్కో చోటా ఆగుతూ, దిల్‌ఫూజా పక్కన తన కాళ్ళతో నడవాలని ఉంది. జీవితంలో మొదటిసారి ఒక ఊరు తన కోసం దారి గీసుకుని కూర్చుంది.  అయినా ఆమె లోపలికి పోయి, మర్నాటి సద్ది కోసం పప్పు నానబెట్టింది.

పొద్దున సద్దిగిన్నె పట్టుకుని యూనిట్‌కు పోయింది. ఆడవాళ్ళ మధ్య బండ మీద కూర్చుని అందరూ చూస్తుండగా చెంబెడు నీళ్ళు తాగింది. అవసరమైనప్పుడు లేచి, బీరమ్మ ముందు, తాను వెనక, బండల సందులోకి నడిచింది. మిషన్ల మీది మగవాళ్ళు తలలు తిప్పుకున్నారు. సేటు భార్య అటు పోతుంటే ఎటు చూడాలో వాళ్ళకు తెలియలేదు. రోజూ వాళ్ళ భార్యలూ అక్కాచెల్లెళ్ళూ అటే పోతుంటే ఈ ఇబ్బంది కలగలేదు మరి. ఆ మర్నాడూ పోయింది. ఆ పై రోజూ పోయింది. లోడెత్తడానికి వచ్చిన లారీవాళ్ళు చూశారు. చాయ్ హోటల్‌కు సంగతి చేరింది. అక్కడికి చేరినది తాండూరంతా తిరిగొచ్చినట్టే.

తోటి యూనిట్ యజమాని మల్లేశ్వర్ ఫోన్ చేశాడు. "ఏందన్నా, మీ ఇంట్ల బాత్రూం గిట్ల ఖరాబయిందా? ప్లంబర్‌ను తోలియ్యాల్నా?"

పాండురంగం ఫోను విసురుగా పెట్టేశాడు. తర్వాత లేచి మేస్త్రీని పిలిపించాడు. "జాగ ఏడున్నదే?" అని యాదమ్మను విసుగ్గా అడిగితే, యూనిట్‌లో ఆయన కారు ఆగే రేకుల నీడ చూపించింది. కారు ఎండలోకి పోయింది. ఇంటి బండలే, ఇంటి మనుషులే కాబట్టి ఆడవాళ్ళ బాత్రూం గోడలు చకచకా లేచాయి. మేస్త్రీ పైకప్పు కొలుస్తుంటే బీరమ్మ వచ్చి తలుపుకు గడియ లోపలి వైపు ఉందో లేదో రెండుసార్లు చూసి పోయింది.

ఆ రోజు సద్ది తింటూ బీరమ్మ అడిగింది. "ఇగ పోతవా అమ్మా, ఆ ఊరికి?"

"ఏమో బీరమ్మా. సేటు ఏమంటడో."

"పోతె ఒకటి అడిగి రా. ఆడ మా లెక్క పనిజేసేటోళ్లు ఏడికి పోతరో."

మర్నాడు నూరీన్ రమ్మంటే యాదమ్మ వికారాబాద్ పోయింది. క్యాన్సిల్ కాగితాల మీద సంతకానికే అనుకుంది. 

"అంకుల్ ఫోన్ జేసిండు," అంది నూరీన్, నవ్వు ఆపుకుంటూ. "మూడో ఆమెనే పక్కా చెయ్యమన్నడు. 'ఆపమంటె ఆపేటామెనే పెట్టు బిడ్డా, లేకుంటె మీ ఖాలా ఆడ గూడ ఏం జేస్తదో' అన్నడు."

యాదమ్మ గట్టిగా నవ్వేసింది, కింద దుకాణానికి వినబడేట్టు. నూరీన్ దిల్‌ఫూజాను తెర మీదికి పిలిచింది. ఆమె వెనక ఈసారి నీలిపెంకుల గోడ మెరుస్తోంది. దాని ముందు విశాలమైన చౌకు. చెట్లంత చీపుళ్ళు పట్టుకుని ఇద్దరు ఆడవాళ్ళు ఊడుస్తున్నారు, నారింజరంగు కోట్లు వేసుకుని.

"మీ దారి తయారైంది యాదమ్మాజీ. మొదట ఈ చౌకు. ఇక్కడ మీకు రెండు చుక్కలున్నాయి. ఇంకేమైనా అడగాలా?"

"నీ ఎనుక ఊడుస్తున్నరు చూడు," అంది యాదమ్మ. "వాళ్లకు అవసరమైతె ఏడికి పోతరు? నీ చుక్కల కాడికే పోతరా?"

దిల్‌ఫూజా వెనక్కి తిరిగి చూసింది. ఊడ్చేవాళ్ళను రోజూ చూసే మనిషి, ఇప్పుడే చూస్తున్నట్టు చూసింది.

"అవి టికెట్ ఉన్నవాళ్ళకు," అంది నెమ్మదిగా. ఆమె హిందీకి మొదటిసారి ముడత పడింది. "వీళ్ళు... నాకు తెలియదు యాదమ్మాజీ. ఎప్పుడూ అడగలేదు."

"నేను గూడ అడుగలేదు," అంది యాదమ్మ. "నిన్న మొన్నటి దాక."

దిల్‌ఫూజా ఫోనును అరుగు మీద ఆనించి పెట్టి చౌకులోకి నడిచింది. ఊడ్చేవాళ్ళు చీపుళ్ళు ఆపి ఆమె వైపు తిరగడం తెరలో చిన్నగా కనిపించింది. యాదమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది. నూరీన్ బల్ల మీద పెట్టిన నీళ్ళ గ్లాసు తీసుకుని, ఇంకా రైలెక్కాల్సి ఉన్నా, మొత్తం తాగింది.